పుట్టింటికి వెళ్లిన ఇత్తడి తోరణం

ఆ యేడు దీపావళికి కుట్టాల్సిన జాకెట్లు మిషను పక్కన గుట్టగా పడి ఉండగా, బెల్జియం నుంచి ఒకాయన మా అమ్మవారి తోరణం చూడటానికి వచ్చాడు. నేను మలేషియాలో, బంటింగ్ బజారులో బట్టలు కుడతాను. దీపావళి ముందు రోజుల్లో మా ఇంట్లోనే పెళ్లి జరుగుతున్నా తలెత్తి చూసే తీరిక నాకుండదు. సరిగ్గా అప్పుడే మా అమ్మా నాన్నా మాటలు మానుకున్నారు. అదంతా నేను సూది చేత పట్టుకునే చూశాను.

దీనికంతటికీ మూలం మా అమ్మాయి మోహనప్రియ. క్లాంగ్‌లో ఆఫీసు పని చేస్తుంది. మనం తెలుగులో మాట్లాడితే అన్నీ అర్థమవుతాయి గాని, జవాబు మాత్రం మలయ్, తమిళం, ఇంగ్లీషు కలిపి ఇస్తుంది. శ్రావణమాసంలో ఒక శుక్రవారం మా పూజ అరను ఫోటో తీసి ఇంటర్నెట్లో పెట్టింది. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారు. పాత కార్ల పిచ్చి ఉన్నవాడొకడు మాత్రం, మీ దేవత వెనక ఉన్నది కారు ముందుభాగం కదా అని అడిగాడు.

అందులో దాపరికం ఏమీ లేదు. మా అమ్మవారు పైడమ్మ అంటే మామిడికాయంత రాయి. నాన్నకి తాత అయిన సుప్పయ్య, విజయనగరం వైపు నుంచి ఇక్కడి రబ్బరు తోటకు ఓడలో వచ్చినప్పుడు దాన్ని పంచె కొంగులో కట్టుకుని తెచ్చాడట. దాని వెనక నిలబెట్టిన ఇత్తడి తోరణం మాత్రం తోట దొర కారుది. పూర్వపు కార్లకు ముందువైపు ఇంజను నీళ్లు చల్లబడే జాలీ ఒకటి ఉండేది. దాని చుట్టూ ఇత్తడి చట్రం. పైన గుండ్రంగా వంగి, రెండు పక్కలా నిటారుగా దిగి, గుళ్లో విగ్రహం వెనక ఉండే మకరతోరణం లాగే ఉంటుంది. దొర దేశం వెళ్లిపోయాక కారు రబ్బరు పొగపెట్టే గది వెనక పడి తుప్పు పట్టింది. సుప్పయ్య భార్య ఊరికే పడి ఉన్న ఇత్తడిని చూస్తూ ఊరుకునే మనిషి కాదు. ఆ చట్రాన్ని ఊడదీయించి అమ్మవారి వెనక పెట్టింది. యుద్ధంలో జపాను వాళ్లు ఏలిన కాలంలో కారు ఇనుమంతా ఎవరెవరో ఎత్తుకుపోయారు. తోరణం అమ్మవారిది కాబట్టి దాని జోలికి ఎవరూ రాలేదు.

ఆ కారుకు పొద్దున్నే ముందు నిలబడి, ఇనుప పిడి తిప్పి ఇంజను లేపడం సుప్పయ్య పని. దాని పేరేమిటో ఆయన చెప్పలేదు, ఆయనకీ తెలిసి ఉండదు. మాకు అది దొరబండి, అంతే. కానీ అది చేసే చప్పుడు మాత్రం మాకు తెలుసు. సుప్పయ్య తన కొడుకుని నవ్వించడానికి ఆ చప్పుడు నోటితో చేసేవాడట. ఆ కొడుకు మా నాన్నకి చేశాడు. నాన్న నాకు చేశాడు, తరవాత ఉయ్యాల్లో ఉన్న మోహనప్రియకి చేశాడు. డుగ్గు, డుగ్గు, డుగ్గు, హమ్మ్. మూడు దెబ్బలు, ఒక నిట్టూర్పు. ఎనభై దాటి, ఎడమ చెవి పూర్తిగా పోయినా, సాయంత్రం టీ తాగి అరుగు మీద కూర్చోగానే నాన్న ఒకసారి బండి లేపుతాడు.

ఫోటో చూసి వెతుక్కుంటూ వచ్చినాయన పేరు యోరిస్ బ్రెవిన్. అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి, తాటిచెట్టంత పొడుగు. దసరా మొదలైన వారంలో మా ఇంటికి వచ్చాడు. గుమ్మానికి కట్టిన మామిడాకులు తలకు తగలకుండా వంగి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. అందుకు మా అమ్మ అతనికి సగం మార్కులు వేసింది. పూజ అర ముందు నేల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. తరవాత మోహనప్రియ వైపు తిరిగి, ముట్టుకోవచ్చా అని ఇంగ్లీషులో అడిగాడు.

"తానం సేసినాడా అడుగు," అంది అమ్మ.

"అమ్మమ్మా! మలూ లా," అని సిగ్గుతో మొహం దాచుకుంది మోహనప్రియ. అయినా అడిగింది. హోటల్లో పొద్దున్నే చేశానని ఆయన బుద్ధిగా చెప్పాడు.

"అయితే ముట్టుకోమను. ఒక్క ఏలుతో."

ఆయన ఒక్క వేలితోనే ముట్టుకున్నాడు. తోరణం పైన నడిమధ్య, మేము పెద్ద బొట్టు పెట్టే చోట, వేలు అలా ఆనించి ఉంచాడు. ఇక్కడ ఒక పేరు చెక్కి ఉండాలి, ఏమైందని అడిగాడు.

"పేరేటి? నాను కాపరానికొచ్చినప్పట్నించి అది నున్నగానే ఉన్నాది," అంది అమ్మ.

"నా సిన్నప్పుడు గీతల్లాగ ఏవో ఉండేవి," అన్నాడు నాన్న. "మా అమ్మ పండగ పండక్కీ సింతపండెట్టి తోమీది. పోనాయి."

అంటే సుప్పయ్య భార్య, మా నాయనమ్మ, మా అమ్మ, వాళ్ల తరవాత నేను, అందరం భక్తిగా తోమి తోమి ఆ పేరుని ఆనవాలు లేకుండా చేశామన్నమాట. మోహనప్రియ భయపడుతూ ఆ సంగతి చెప్పింది. ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మా ఇంట్లోనూ ఆ పేరు చెరిపేశారు," అన్నాడు, "చింతపండు అక్కర్లేకుండానే."

ఆ పేరు బ్రెవిన్. ఆయన ఇంటిపేరే. గనుల్లోంచి నీళ్లు తోడే పంపులు తయారుచేసే అన్నదమ్ములు ఇద్దరుండేవారట, పెద్దవాడు ఎమిల్, చిన్నవాడు ఆగస్ట్. పందొమ్మిది వందల ఏడులో పెద్దవాడికి కార్ల మీద మోజు పుట్టింది. పంపుల షెడ్డులోనే ఒక పక్క తెరకట్టి కారు కట్టడం మొదలుపెట్టారు. అందరూ రెండో నాలుగో సిలిండర్లు పెడుతుంటే ఎమిల్ మూడే పెడతానన్నాడు. ఎందుకని అడిగితే, నాలుగోది దేవుడికి వదిలేశానని వేళాకోళం చేసేవాడట. ఇత్తడి ముఖానికి నమూనా మాత్రం ఆగస్ట్ గీశాడు, తన పెళ్లి జరిగిన చర్చి తలుపుని చూసి. నాలుగేళ్లలో అరవై కార్ల దాకా చేశారు. కొన్ని ఓడలెక్కి ఎక్కడెక్కడికో వెళ్లాయి. ఒకటి క్లాంగ్ రేవులో దిగి, మా సుప్పయ్య చేతికి వచ్చింది.

నాలుగో యేడు ఎమిల్ తన కారు తనే నడుపుతూ కొండ ఎక్కే పందెంలో పడిపోయి చనిపోయాడు. తమ్ముడు ఆ వారమే తెర దించేశాడు. మిగిలిన కార్లు విప్పించి, పంపులకు పనికొచ్చేవి పంపులకు వాడాడు. తరవాత చాలా ఏళ్లు బతికాడు గాని, ఎక్కడికి వెళ్లినా రైల్లోనో, కాలినడకనో. ఆ ఇంట్లో కారు మాట ఎత్తినవాడు లేడు. యోరిస్ ఆ ఆగస్ట్‌కి మునిమనవడు. తమ ఇంట్లో కార్లు చేసేవారని నలభై ఏళ్లు వచ్చేదాకా ఆయనకే తెలియదట.

నాన్న కుడిచెవి అటు తిప్పి అంతా విన్నాడు. సగం మోహనప్రియ చెప్పింది, సగం నేను చెప్పాను. అంతా అయ్యాక గొంతు సవరించుకుని, "అయితే ఇలగే మోగీదా?" అని అడిగి, బండి లేపాడు.

డుగ్గు, డుగ్గు, డుగ్గు, హమ్మ్.

ఆయన కదలకుండా ఉండిపోయాడు. ఆ రోజుల్లో ఒక పత్రికవాడు, బ్రెవిన్ కారు మూడడుగులు వేసి ఒకసారి నిట్టూరుస్తుందని హాస్యం రాశాడట. ఆ ముక్క తను చదివాడు గాని, ఆ నిట్టూర్పు ఎలా ఉంటుందో విన్నవాళ్లు తమ దేశంలో ఎవరూ మిగల్లేదట. ఇంకొకసారి చేస్తారా అని ఫోను ముందుపెట్టి బతిమాలాడు. నాన్న కిక్కిరిసిన గుడి ముందు పాడుతున్నవాడిలా పొంగిపోయి చేశాడు. మళ్లీ చేశాడు. ఊపిరాడక దగ్గొచ్చేదాకా చేశాడు.

"సాల్లే, నీ ఇంజను ఆగిపోగలదు," అంది అమ్మ.

అప్పటిదాకా అందరం నవ్వుతూనే ఉన్నాం. తరవాత ఆయన అసలు సంగతి చెప్పాడు. ఒక పల్లెలో గడ్డి కొట్టంలో ఒక బ్రెవిన్ కారు దొరికింది. ఇంజను ఉంది, చక్రాలున్నాయి, ముఖం లేదు. స్నేహితులతో కలిసి బాగుచేస్తున్నాడు. వచ్చే మే నెలకు రోడ్డెక్కుతుంది. మీరు ఒప్పుకుంటే ఈ తోరణానికి కొలతలు తీసుకుని వెళ్లి, నకలు ఒకటి చేయించుకుంటానన్నాడు.

"కొలతలెందుకు?" అన్నాడు నాన్న. "ఇదే తీసుకుపో. బండి నడిపి ఆ సప్పుడు నాకొకసారి ఫోన్లో ఇనిపించు, సాలు."

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. లోపల ఒక గిన్నె ఇంకో గిన్నె మీద పడిన చప్పుడు వినిపించింది. యోరిస్‌కి తెలుగు రాదు గాని, గిన్నెల భాష అన్ని దేశాల్లోనూ ఒకటే. అమ్మగారు తన నోటితో ఇస్తానంటే తప్ప ఆ వస్తువు మీద చెయ్యి వెయ్యనని చెప్పి, బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వంటింట్లో పంచాయితీ.

"అమ్మోరి ఎనకాల ఏటెడతావు? నీ ఈపెడతావా?" అంది అమ్మ.

"నకలు సేయించి మనకిమ్మందామే."

"ఆ నకలు ఆడి కారుకే ఎట్టుకోమను. మీ మామ్మ ఎట్టింది, మీ అమ్మ తోమింది, నాను తోమినాను. నన్నొక్క మాట అడిగినావా? ఓ మనిషున్నాదని తెలిసిందా?"

నాన్న తల వంచుకున్నాడు. "నాకు ఎనభై దాటినాయి, నరసమ్మా. ఉన్నది ఒక్క సెవి. అది కూడా పోకముందు ఆ సప్పుడు ఒక్కసారి ఇందామని."

"నీ నోటితో నువ్వు రోజూ సేసుకుంటన్నావు కదా, ఇంకేటి ఇనాల?"

"నాను సేసేది మా అయ్య సప్పుడు. మా అయ్య సేసింది మా తాత సప్పుడు. బండి సప్పుడు నాకేటి తెలుసు?" అన్నాడు నాన్న.

అమ్మ పొయ్యి వైపు తిరిగింది. ఇస్తానని మాత్రం అనలేదు.

మర్నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు, నాన్న బండి లేపడం కూడా మానేశాడు. టీ తాగేవాడు, గ్లాసు కింద పెట్టేవాడు, వీధి వైపు చూస్తూ కూర్చునేవాడు. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడు వింటూ నేను ఎప్పుడైనా చెవి పెట్టానా? లేదు. ఆగిపోయాక మాత్రం ఐదు గంటలయ్యేసరికి మిషను తొక్కడం ఆపి, నాకు తెలియకుండానే ఎదురుచూసేదాన్ని. బెంగ అంటే ఏమిటో ఆ వారం నాకు కొత్తగా తెలిసింది.

జాకెట్లకు హుక్కులు కుట్టడం అమ్మ పని. చూపు తగ్గినా చేతివేళ్లే చూస్తాయి ఆవిడకి. అలా కుడుతున్నప్పుడు నేనొకసారి మెల్లగా ఎత్తాను. "పోనీ ఒక్క యేడుకు ఇద్దామే. నాన్న ముఖం చూడు."

"అది ఈ ఇంటి కోడలే, నాగా," అంది అమ్మ హుక్కు మీంచి తల ఎత్తకుండా. "ఎక్కడో పుట్టినాది. ఇక్కడికొచ్చి అమ్మోరిని మోస్తన్నాది. ముసిలిదైపోనాది కదాని ఎవడో అడిగితే అప్పజెప్పీడమేనా?"

ఆవిడ తోరణం గురించే మాట్లాడుతోందా అని నాకు అనుమానం వచ్చింది.

మా అమ్మకు పుట్టిల్లు లేదు. మా ఊరికి దూరం కాని ఇంకో తోటలో, లైను అని పిలిచే కూలీల ఇళ్ల వరసలో పుట్టింది. ఆవిడ దాన్ని ఎప్పుడూ కన్నోరిల్లు అనే అంటుంది. నా చిన్నప్పుడు ప్రతి దీపావళికీ నన్ను చంకనేసుకుని బస్సెక్కి అక్కడికి వెళ్లేది. సిమెంటు గచ్చు మీద చాప కూడా లేకుండా వెల్లకిలా పడుకుని, "అబ్బ, సల్లగా ఉన్నాది," అనేది. మా ఇంట్లో గచ్చు లేదా, అది చల్లగా ఉండదా అంటే ఒప్పుకునేది కాదు. తిరిగొచ్చేటప్పుడు అమ్మమ్మ బొట్టు పెట్టి, కొంగులో అరటిపళ్లు, పసుపుకొమ్ములు, రవికెల గుడ్డ వేసేది. నేను కుట్టు నేర్చుకుంటున్న రోజుల్లో ఆ చుట్టుపక్కల తోటలన్నీ తీసేసి, పెద్ద విమానాశ్రయం కట్టారు. అప్పటికే అమ్మమ్మ పోయింది. మామయ్య సెరెంబాన్ వైపు వెళ్లిపోయాడు. ఇళ్ల వరస ఏమైందని అమ్మ ఎవరినీ అడగలేదు. విమానాశ్రయానికి మాత్రం ఎవరిని సాగనంపడానికీ రాలేదు. మోహనప్రియ స్నేహితులతో విమానంలో సబా రాష్ట్రం వెళ్లినప్పుడు కూడా మోకాలి నొప్పి అంది. ఆ నొప్పి ఆవిడకి విమానాల దగ్గరే వస్తుంది.

ఆయుధపూజ నాడు యోరిస్ మళ్లీ వచ్చాడు. అమ్మ పొద్దున్నే తోరణాన్ని చింతపండుతో మెరిసేలా తోమి పెట్టింది. నా కత్తెరకి, మిషనుకి, మోహనప్రియ కారుకి, లాప్‌టాప్‌కి బొట్లు పెట్టేసరికి, యోరిస్ కొలతల టేపు బయటికి తీశాడు. అమ్మ దానికీ ఒక బొట్టు పెట్టింది. ఆయన చాలా మర్యాదగా, ఇత్తడికి టేపు తగిలీ తగలకుండా కొలతలు తీసుకుంటున్నాడు. నాన్న అటు చూడకుండా గోడకు చేరబడి కూర్చున్నాడు.

అమ్మ ఉన్నట్టుండి నన్ను పిలిచింది. "ఆ బాబుని ఒకటడుగు. దీన్ని సేసిన సోటు ఇంకా ఉన్నాదా?"

అడిగాను. ఉందన్నాడు. ఫోన్లో ఫోటో వెతికి చూపించాడు. నది పక్కన ఎర్ర ఇటుకల గోడ, పొడుగాటి తలుపు. ఇప్పుడు కింద సైకిళ్లు అమ్ముతారట. పైఅంతస్తులో వాళ్లమ్మ ఒక్కతే ఉంటుంది.

అమ్మ ఫోను చేతిలోకి తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "తలుపు అదేనా? అప్పటిదేనా?"

"అదే. రంగు మార్చాం," అన్నాడాయన, మోహనప్రియ నోటితో.

"గుమ్మం?"

"గుమ్మం కూడా అదే. మధ్యలో అరిగిపోయింది. మా అమ్మ మార్చనివ్వదు."

అమ్మ ఆ ఫోటోని చాలాసేపు చూసింది. ఫోను తిరిగి ఇచ్చేసి, లోపలికి వెళ్లి పాయసం తెచ్చి అందరికీ వడ్డించింది. యోరిస్‌కి వేసింది, మోహనప్రియకి వేసింది. నాన్న గిన్నెలో రెండో గరిటె వేస్తూ, మామూలు గొంతుతో, "అమాస రాకుండా ఎల్లిపోవాల. ఆడపిల్లని కన్నోరింటికి అంపడానికి మంచిరోజు సూడు," అంది.

అది నాన్న ఎడమ చెవి. "ఏటి? పాయసం సాల్లే," అన్నాడు.

నేను వెళ్లి కుడిచెవిలో చెప్పాలి. పక్కకి వంగి, "తోరణాన్ని పుట్టింటికి పంపిస్తానంటోంది నాన్నా," అన్నాను. నాన్న గిన్నె కింద పెట్టాడు. అమ్మ వైపు చూశాడు. ఆవిడ అప్పటికే గరిటె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అక్కణ్నుంచే కేకేసింది: "వచ్చీ దసరాకి తిరిగొచ్చీయాల. కన్నోరింట్లో శానాళ్లుండిపోతే బాగోదు. అది కూడా ఆ బాబుకి సెప్పు."

పెళ్లయిన పిల్ల పుట్టింటికి వెళ్లడం, మళ్లీ తిరిగి రావడం అంటే ఏమిటో మోహనప్రియ ఆయనకి చెప్పింది. ఇంత పొడుగు మాట మా పిల్ల ఒకే భాషలో మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. ఆయన లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, తనే తెచ్చి దిగబెడతానన్నాడు.

వెళ్లే రోజు అందరం తయారవుతుంటే అమ్మ నూలుచీర కట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "నానూ ఒస్తాను."

"మోకాలో?" అన్నాను.

"మోకాలుకేటైనాది? బాగానే ఉన్నాది."

మోహనప్రియ కారు నడిపింది. నాన్న ముందు సీట్లో, నేనూ అమ్మా వెనక. తోరణాన్ని అమ్మ తన పాత పట్టుచీరలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, ఒళ్లో పెట్టుకుంది. రోడ్డుకి రెండు పక్కలా ఆయిల్‌పామ్ తోటలు వెళ్తూనే ఉన్నాయి. విమానం బొమ్మ ఉన్న బోర్డులు మొదలయ్యాక ఆవిడ బయటికి చూడటం మానేసి, పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

లోపల యోరిస్ మా కోసం నిలబడి ఉన్నాడు. అమ్మ అతనికి పెట్టె ఇచ్చి, దానితోపాటు సారె సంచి ఇచ్చింది. రాత్రంతా నానబెట్టిన బియ్యంతో చేసిన అరిసెలు, పసుపుకొమ్ములు, కుంకుమ, ఆకుపచ్చ రవికెల గుడ్డ, అరటిపళ్లు. పళ్లూ కొమ్ములూ తన దేశంలోకి తీసుకుపోతే ఇబ్బంది అవుతుందేమోనని ఆయన నసిగాడు. "పోనీలే. అరిసెలు మీ అమ్మకియ్యి. రవికెల గుడ్డ కూడా ఆవిడకే," అంది అమ్మ. పసుపూ పళ్లూ వెనక్కి తీసుకుంది.

నాన్న ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. "నా సప్పుడు నీ ఫోన్లో ఉన్నాది కదా. బండి లేపినాక పక్కనెట్టి సూడు. అలగ మోగకపోతే బిగింపు బాగులేదని అరథం." మోహనప్రియ చెప్పింది. ఆయన తల ఊపాడు. పెట్టెని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో గుండెకు ఆనించుకుని లోపలికి వెళ్లాడు. జనంలో ఆ పొడుగాటి తల కనపడినంతసేపు నాన్న చెయ్యి ఎత్తే ఉంచాడు.

ఇక వెళ్దామని నేను తిరిగేసరికి అమ్మ కదల్లేదు.

"మోహనా, మా లైను ఎటుండీది?"

నేను ఉలిక్కిపడ్డాను. మోహనప్రియ ఉలిక్కిపడలేదు. ఎప్పుడో వెతికి పెట్టుకుంది కాబోలు, ఫోను చూసి, అటూ ఇటూ తిరిగి, పెద్ద అద్దాల గోడ వైపు చెయ్యి చూపించింది. "కరెక్టా తెలీదు లా, అమ్మమ్మా. ఆ విమానాలు నిలబడ్డాయి కదా. దానికి కొంచెం ఇటు. ఇక్కడే... ఎక్కడో."

అమ్మ అద్దం దాకా నడిచింది. అవతల ఎండలో మెరుస్తున్న తారు, తోకలకు రంగులేసుకున్న విమానాలు. చెట్టన్నది లేదు. ఆవిడ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. ఆ నున్నటి రాతినేల మీద వట్టి కాళ్లతో నిలబడింది. పెట్టెలు తోసుకుంటూ పోతున్నవాళ్లు ఆవిడని చుట్టి వెళ్లారు.

"సల్లగా ఉన్నాది," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు ఈ మనిషి ఈ నేల కోసం బెంగపడుతూ, నా జాకెట్లకు హుక్కులు కుడుతూ కూర్చుందా? నేను పక్కన కూర్చుని దీపావళి జాకెట్ల గురించి మాట్లాడుతూ ఉన్నానా? ఏం చెయ్యాలో తోచక చేతిసంచిలో వెతికాను. కుట్టేవాళ్ల సంచి కదా, రవికెల గుడ్డ ఎప్పుడూ ఒకటైనా ఉంటుంది. ఆ రోజు ఉన్నది గులాబీ రంగుది, నా కోసం కొనుక్కున్నది. పూజ కుంకుమ భరిణె కూడా సంచిలోనే ఉంది. మా అమ్మ ముందు నిలబడి ఆవిడ నుదుట బొట్టు పెట్టాను. కొంగు పట్టి, మిగిలిన పసుపుకొమ్ములు, అరటిపళ్లు, రవికెల గుడ్డ అందులో వేశాను.

"ఏటే ఇది, నాగా?"

"పుట్టింటి నుంచి ఒట్టి చేతులతో పంపిస్తారా అమ్మా?"

ఆవిడ నా మొహం కేసి చూడలేదు. కొంగులోకి చూసుకుంది. దాన్ని రెండు ముడులు వేసి బొడ్లో దోపుకుంది. చెప్పులు తొడుక్కుంది. అద్దం వైపు తిరిగి, చిన్నప్పుడు బస్సు ఎక్కేముందు నేను విన్న గొంతుతోనే, "ఎల్లొస్తానే అమ్మా," అంది.

తిరుగుదారిలో పామ్ తోటలు మళ్లీ మొదలయ్యాయి. అమ్మ ఒళ్లో పెట్టె లేదు. చెయ్యి మాత్రం కొంగు ముడి మీద ఉంది. బంటింగ్ దగ్గర పడుతుండగా నాన్న ముందు సీట్లో కాస్త కదిలి, గొంతు సవరించుకున్నాడు. రెండు వారాల తరవాత బండి లేపాడు.

డుగ్గు. డుగ్గు. డుగ్గు.

నాన్న ఆగాడు. నిట్టూర్పు వెనక సీట్లోంచి వచ్చింది. అది అమ్మది.